జాక్ టోరెస్ లాంటి పేస్ట్రీ షెఫ్ కావాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది భీమవరం. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నెట్‌ఫ్లిక్స్‌లో 'నెయిల్డ్ ఇట్' చూసి జాక్ టోరెస్ గారికి అభిమానినైపోయాను. నాకూ పేస్ట్రీ షెఫ్ అవ్వాలని, ఆయనలా టీవీలో కనిపించాలని ఉంది. ఆయన ఆ స్థాయికి ఎలా వచ్చారు? నేను ఏం చదవాలి? ఇంట్లో మాత్రం బీటెక్ చెయ్యమంటున్నారు.

సమాధానం:

అమ్మా, పేస్ట్రీ పనిలో నాకిది ఇరవై రెండో ఏడు. హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో మొదలుపెట్టి, కొన్నేళ్లు ఓడల్లో, కొన్నేళ్లు గల్ఫ్‌లో చేసి, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ మొదటి రోజు నేను చెప్పేది జాక్ టోరెస్ గారి కథే. అందుకే నీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది. కాస్త పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదువుకో. వీలైతే మీ నాన్నగారికి కూడా చదివి వినిపించు.

ఆయన జడ్జిగా కూర్చున్న కేకుల పోటీ 'నెయిల్డ్ ఇట్' 2018 మార్చిలో మొదలైంది. అప్పటికి ఆయన వయసు 58. ఈ పనిలోకి వచ్చింది 15వ ఏట. మధ్యలో 43 ఏళ్లున్నాయి. నువ్వు అడిగినదానికి జవాబు ఆ 43 ఏళ్లలోనే ఉంది కాబట్టి ముందు అది చెప్తాను.

ఆయన పుట్టింది 1959లో, అల్జీర్స్‌లో. పెరిగింది ఫ్రాన్స్ దక్షిణాన, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న బాన్డోల్ అనే చిన్న ఊళ్లో. 15 ఏళ్లకు ఆ ఊళ్లోనే ఒక చిన్న పేస్ట్రీ షాపులో అప్రెంటిస్‌గా చేరారు. మనవాళ్లు వింటే "అయ్యో, చదువు మానేశాడా" అంటారు. అక్కడ అదీ చదువే. కొన్ని రోజులు షాపులో పని, కొన్ని రోజులు తరగతి, చివర్లో ప్రభుత్వం పెట్టే పరీక్ష. ఆ వయసు పిల్లలు అలాంటి షాపులో ఏం చేస్తారో నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా: ట్రేలు కడుగుతారు, గుడ్లు కొడతారు, మైదా జల్లిస్తారు, తెల్లవారకముందే లేచి క్రోసాన్లు చుడతారు. పిండి మధ్యలో వెన్న పెట్టి మూడు మడతలు, మళ్లీ మూడు, మళ్లీ మూడు. మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు పొరల వెన్న. పఫ్ పేస్ట్రీకైతే అదే మడత ఆరుసార్లు వేస్తారు, 729 పొరలు. పిండి కొంచెం వేడెక్కినా వెన్న కరిగి పొరలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పుస్తకంలో ఇది ఒక్క పేజీ. చేతికి రావడానికి మాత్రం నెలలు పడుతుంది.

1980లో ఆయన నీస్ నగరంలోని నెగ్రెస్కో హోటల్లో చేరారు. అక్కడి షెఫ్ జాక్ మాక్సిమాన్‌కి రెండు మిషెలిన్ స్టార్లు ఉండేవి, రెస్టారెంట్లకు అదో పెద్ద గుర్తింపు. ఎనిమిదేళ్లు అక్కడే ఉన్నారు. ఈ సంగతి మా పిల్లలకు గట్టిగా చెప్తాను, ఎందుకంటే ఇప్పుడు ఆరు నెలలు ఒకచోట చేసి, రెండు వేలు ఎక్కువిస్తే ఇంకోచోటికి వెళ్లిపోతున్నారు. ఒకే వంటగదిలో ఎనిమిదేళ్లంటే ఎనిమిది ఎండాకాలాలు, ఎనిమిది క్రిస్మస్‌లు. నిరుడు చేసిన తప్పు ఈ ఏడాది అదే ఓవెన్ ముందు సరిదిద్దుకోవచ్చు. చోటు మారినవాళ్లకు ఆ అవకాశం ఉండదు.

ఆ ఎనిమిదేళ్లలోనే రెండు పనులు జరిగాయి. ఒకటి అందరికీ తెలిసినదే: 1986లో, 26 ఏళ్ల వయసులో ఆయన 'ఎం.ఓ.ఎఫ్.' సాధించారు. పేస్ట్రీలో ఆ బిరుదు అంత చిన్న వయసులో అంతవరకూ ఎవరికీ రాలేదు. రెండోది ఎవరూ పెద్దగా పట్టించుకోరు: 1983 నుంచి 1986 వరకు కాన్ నగరంలోని ఒక వంటల స్కూల్లో ఆయన పేస్ట్రీ పాఠాలు చెప్పారు. అంటే పరీక్షకు తయారవుతూనే తరగతిలో పాఠం చెప్తున్నారు. నా లెక్కలో ఆయన టీవీ కెరీర్ మొదలైంది అక్కడే. ఎందుకంటున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ముందు ఎం.ఓ.ఎఫ్. (మెయ్యర్ ఊవ్రియే ద ఫ్రాన్స్) అంటే ఏమిటో చెప్పాలి. ఫ్రాన్స్‌లో వడ్రంగం నుంచి వంట దాకా ఎన్నో చేతిపనుల్లో అత్యుత్తమ పనివాళ్లకు ఇచ్చే బిరుదు అది. షెఫ్ కోటు కాలర్ మీద నీలం, తెలుపు, ఎరుపు గీతలుంటే అది గెలిచినవాళ్లని గుర్తు. గెలవనివాళ్లు ఆ కాలర్ వేసుకుంటే అక్కడ చట్టప్రకారం నేరం. ఇందులో ఫస్టు, సెకండు ర్యాంకులుండవు. ఆ స్థాయి అందుకున్నవాళ్లందరికీ ఇస్తారు, అందుకోకపోతే ఎవరికీ ఇవ్వరు. 2007లో లియాన్‌లో జరిగిన పేస్ట్రీ ఫైనల్ మీద 'కింగ్స్ ఆఫ్ పేస్ట్రీ' అని ఒక డాక్యుమెంటరీ ఉంది. దొరికితే తప్పకుండా చూడు. పదహారు మంది షెఫ్‌లు, మూడు రోజులు. ఫిలిప్ రిగొల్లో అనే ఆయన పంచదారతో చేసిన శిల్పం చివరి గంటల్లో కుప్పకూలుతుంది. గాజు పగిలినట్టు పగిలిపోతుంది. ఆయన బయటికి వెళ్లి, కన్నీళ్లు ఆపుకుని, మళ్లీ లోపలికొచ్చి మిగిలిన సమయంలో ఇంకొకటి కట్టి పెడతాడు. కాలర్ వచ్చింది కూడా. నేను ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, అక్కడికొచ్చేసరికి ఇప్పటికీ నా ఊపిరి ఆగిపోతుంది.

పంచదార శిల్పం అనగానే మనది కాదనుకోకు. మీ అమ్మమ్మ అరిసెలకు పాకం పట్టేటప్పుడు పళ్లెంలో నీళ్లు పోసి, అందులో చుక్క పాకం వేసి, వేళ్లతో ఉండ కడుతుందో లేదో చూస్తుంది కదా. ఫ్రెంచివాళ్లు కూడా థర్మామీటర్ లేని రోజుల్లో సరిగ్గా అలాగే చూసేవాళ్లు. ఆ దశకు వాళ్లు పెట్టుకున్న పేరు 'పెటి బూలే', అంటే చిన్న ఉండ. మన ఉండపాకమే. దాదాపు 115 డిగ్రీలు. ఇంకా కాగి 150 దాకా వెళ్తే మన చిక్కీకి పట్టే ముదురుపాకం, పళ్లెంలో వేస్తే టంగుమంటుంది. వాళ్లు దాన్ని 'గ్రాన్ కాసే' అంటారు, ఫెళ్లున విరిగేదని. శిల్పాలు చేసేది ఆ పాకంతోనే. కాబట్టి నీకు ఈ విద్యలో ఓనమాలు ఇంట్లోనే ఉన్నాయి. ఈసారి సంక్రాంతికి పాకం గిన్నె దగ్గర నువ్వు నిలబడు, పక్కన థర్మామీటర్ పెట్టుకో. అమ్మమ్మ "చాలు" అన్నప్పుడు ఎన్ని డిగ్రీలుందో రాసుకో. అలాగే ఆత్రేయపురం మీకు దగ్గరే, ఒకసారి వెళ్లి పూతరేకు తీసేవాళ్ల చేతిని చూసి రా. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ ఒక్క ఊపున లాగితే కాగితం కంటే పల్చని రేకు లేస్తుంది. 2023లో దానికి జీఐ, అంటే ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. ఏ దేశపు పేస్ట్రీ షెఫ్ చూసినా ఆగి చూసే పని అది.

సరే, టోరెస్ గారి దగ్గరికి వద్దాం. 1988లో అమెరికా వెళ్లి రిట్జ్ కార్ల్‌టన్ హోటళ్లకు పేస్ట్రీ షెఫ్‌గా చేశారు. మరుసటి ఏడాదే న్యూయార్క్‌లో సిరియో మచ్చోనీ నడిపే 'లె సిర్క్' రెస్టారెంట్‌కి వెళ్లారు. ఊళ్లోని పెద్ద పెద్దవాళ్లంతా వచ్చి కూర్చునే చోటు. అక్కడ పదకొండేళ్లు. చాక్లెట్‌తో చేసిన బుల్లి పొయ్యి, దాని మీద చాక్లెట్ గిన్నెలు, గిన్నెల్లో సాస్‌లు: ఆయన పేరు చెప్పగానే లె సిర్క్‌లో తిన్నవాళ్లకు ఆ డెజర్టే గుర్తొస్తుంది. 1994లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వాళ్ల పేస్ట్రీ షెఫ్ అవార్డు వచ్చింది. అమెరికా వంటవాళ్లకు అది చాలా పెద్ద గౌరవం.

అవార్డుకు ఒక ఏడాది ముందు, 1993లో, న్యూయార్క్‌లోని ఫ్రెంచ్ కలినరీ ఇన్‌స్టిట్యూట్‌లో పేస్ట్రీ విభాగానికి డీన్ అయ్యారు. ఒకపక్క రెస్టారెంట్, ఇంకోపక్క పాఠాలు. ఆ తర్వాత టీవీ. 1990ల చివర్లో అమెరికాలోని పీబీఎస్ టీవీలో 'డెజర్ట్ సర్కస్' వచ్చింది, మొత్తం 52 భాగాలు. తర్వాత ఫుడ్ నెట్‌వర్క్‌లో చాక్లెట్ మీద ఇంకో కార్యక్రమం. వరస చూశావా? పని, తరగతి, మళ్లీ పని, మళ్లీ తరగతి, ఆ తర్వాతే కెమెరా. కెమెరా ముందుకు వచ్చేసరికి ఆయనకు, ఏమీ తెలియని పిల్లలకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పడంలో ఏళ్ల అనుభవం ఉంది.

ఇది ఎందుకింత ముఖ్యమో నా అనుభవం నుంచి చెప్తాను. ఒక తెలుగు చానెల్ వంటల కార్యక్రమానికి నేను మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి వెళ్లినప్పుడు నాకు పనిలో పన్నెండేళ్ల అనుభవం ఉంది. చేసేది మామూలు చాక్లెట్ ట్రఫుల్ కేక్, నిద్రలో లేపినా చేస్తాను. ప్రేక్షకులకు ఇరవై నిమిషాల్లో అంతా చూపించాలి కాబట్టి అదే కేక్ నాలుగు దశల్లో ముందే చేసుకుని వెళ్లాలి: కలిపిన పిండి ఒకటి, బేక్ అయినది ఒకటి, క్రీమ్ పూసినది ఒకటి, పూర్తయినది ఒకటి. అక్కడిదాకా బాగానే ఉంది. లైట్లు వేశారు. ఆ వేడికి రెండు నిమిషాల్లో క్రీమ్ మెత్తబడటం మొదలైంది. యాంకర్ "ఇప్పుడు ఏం చేస్తున్నారు సార్" అని అడిగితే నా చేతులు ఆగిపోయాయి. చేతులు ఆడితే మాట రావడం లేదు, మాట్లాడితే చేతులు ఆడటం లేదు. పన్నెండేళ్లలో చేస్తూ మాట్లాడాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. రెండోసారి వెళ్లేనాటికి పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఏడాదైంది. అదే లైట్లు, అదే వేడి, ఏ ఇబ్బందీ లేదు. మధ్యలో మారింది అదొక్కటే.

ఇక 'నెయిల్డ్ ఇట్' సంగతి. అందులో పాల్గొనేవాళ్లు ఇంట్లో సరదాగా కేకులు చేసేవాళ్లు, పెద్దగా చేతకానివాళ్లే. ప్రొఫెషనల్ చేసిన కేక్ చూపించి, కొద్ది సమయంలో అలాంటిదే చెయ్యమంటారు. గెలిస్తే పది వేల డాలర్లు. నికోల్ బయర్ నవ్విస్తుంది, అందరూ నవ్వుతారు, కూలిపోయిన కేక్ చూసి మనమూ నవ్వుతాం. ఈసారి చూసేటప్పుడు ఆ నవ్వు మీద కాకుండా టోరెస్ గారి ఫోర్క్ మీద దృష్టి పెట్టు. ఆయన కేక్‌ని ముక్క చేసి, లోపల చూసి, నోట్లో పెట్టుకుని ఒక్క మాటలో తేల్చేస్తారు: పిండి ఎక్కువసేపు కలిపారు, అందుకే రబ్బరులా సాగుతోంది. కేక్ చల్లారకుండానే క్రీమ్ పూశారు, అందుకే జారిపోయింది. పంచదార తక్కువైంది, బేకింగ్ పౌడర్ మరిచిపోయారు. చేసేటప్పుడు ఆయన పక్కన లేరు. అయినా తప్పు ఎక్కడ జరిగిందో చూసినట్టు చెప్తారు. అది చెప్పాక, ఆ కేకులో ఏదో ఒక మంచి సంగతి వెతికి మరీ మెచ్చుకుంటారు. ఎదుటివాళ్లు చిన్నబోరు. మళ్లీ చెయ్యాలనే అనిపిస్తుంది.

తప్పు చూసి కారణం చెప్పగలిగే ఆ కన్నే అసలైన ఆస్తి అమ్మా. అది ఎలా వస్తుందో నాకు జరిగిన ఒక సంగతి చెప్తాను. చేరిన కొత్తలో నాకు చాక్లెట్ టెంపరింగ్, అంటే చాక్లెట్‌ని కరిగించి లెక్క ప్రకారం చల్లార్చే పని, అప్పజెప్పారు. చాక్లెట్‌లో ఉండే కోకో బటర్ గడ్డకట్టేటప్పుడు ఆరు రకాల స్ఫటికాలుగా మారగలదు. అందులో ఐదో రకం వస్తేనే చాక్లెట్ మెరుస్తుంది, ఫటక్కున విరుగుతుంది, చేతిలో వెంటనే కరగదు. దానికోసం డార్క్ చాక్లెట్‌ని 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, 27, 28కి చల్లార్చి, మళ్లీ 31, 32కి తేవాలి. రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే అంతా పోతుంది. నేను వరసగా మూడు రోజులు పాడు చేశాను. పైన తెల్లటి చారలు వచ్చేవి, దాన్ని 'బ్లూమ్' అంటాం. మా సీనియర్ షెఫ్ ఒక్క మాట తిట్టలేదు. నేను చేసిన ముక్కని నా చెవి దగ్గర పెట్టి విరిచారు. మెత్తగా, చప్పుడు లేకుండా విరిగింది. తను చేసిన ముక్క తెచ్చి అదే చెవి దగ్గర విరిచారు. టక్‌మంది. "ఇప్పుడు చెప్పు, నీది ఎక్కడ పోయింది?" అన్నారు. నాకు తెలియలేదు. "అయితే రేపు మళ్లీ చెయ్" అని వెళ్లిపోయారు. నాలుగో రోజు కలుపుతుంటే నాకే తెలిసింది, నేను చల్లార్చడం దాకా సరిగ్గా చేసి, తిరిగి వేడి చేసేటప్పుడు 34 దాటించేస్తున్నాను. కట్టిన స్ఫటికాలన్నీ కరిగిపోతున్నాయి. ఆ రోజు ఆయన గరిటె చివర ఉన్న చాక్లెట్‌ని నా కింది పెదవికి తాకించి, "ఈ చల్లదనం గుర్తుపెట్టుకో" అన్నారు. ఇప్పటికీ థర్మామీటర్ పెట్టేముందు పెదవితోనే చూస్తాను.

ఇలా తప్పు చెయ్యడానికి, దాని కారణం నీ నోటితోనే చెప్పించడానికి ఒక గురువు ఉన్న చోటు వెతుక్కో. కాలేజీ పేరు కంటే అది ముఖ్యం.

ఇక చదువు సంగతి. ఇంటర్ అయ్యాక ఎన్.సి.హెచ్.ఎం. జేఈఈ అనే ఎంట్రన్స్ రాసి హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీలో చేరొచ్చు. హైదరాబాద్ విద్యానగర్‌లో ఐహెచ్ఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్) ఉంది. డిగ్రీ ఉంటుంది కాబట్టి మీ నాన్నగారికి కొంత ధైర్యం. కానీ అందులో వంట, హౌస్‌కీపింగ్, ఫ్రంట్ ఆఫీసు అన్నీ ఉంటాయి, పేస్ట్రీ ఒక భాగం మాత్రమే. బేకరీ, కన్ఫెక్షనరీలోనే డిప్లొమాలు విడిగా ఉన్నాయి, ప్రైవేటు పేస్ట్రీ స్కూళ్లూ ఉన్నాయి. ప్రైవేటులో చేరేముందు మూడు సంగతులు అడుగు: వారంలో ప్రాక్టికల్ ఎన్ని గంటలు, ఒక టేబుల్‌కి ఎంతమంది, చాక్లెట్‌కి విడిగా ఏసీ గది ఉందా. మన ఎండల్లో ఏసీ గది లేకుండా చాక్లెట్ నేర్పుతామంటే వాళ్లు వాడేది కాంపౌండ్ అన్నమాట. అందులో కోకో బటర్ బదులు వేరే కొవ్వు ఉంటుంది, టెంపరింగ్ అక్కర్లేదు. కాంపౌండ్‌తో మాత్రమే నేర్చుకుంటే నువ్వు చాక్లెట్ నేర్చుకోనట్టే.

చదువయ్యాక హోటల్లో 'కమ్మీ త్రీ'గా, అంటే వంటగదిలో అన్నిటికంటే కింది మెట్టులో, చేరతావు. అక్కడి నుంచి కమ్మీ టూ, వన్, ఆ తర్వాత డీసీడీపీ (డెమీ షెఫ్ ద పార్టీ), సీడీపీ (ఒక విభాగం చూసుకునే షెఫ్ ద పార్టీ), ఆ పైన పెద్ద షెఫ్ తర్వాతి స్థానం, సూ షెఫ్. నాకు సూ షెఫ్ కావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. మొదటి కొన్నేళ్లు జీతం నీ బీటెక్ స్నేహితుల జీతం కంటే తక్కువే ఉంటుంది, ఈ మాట మీ నాన్నగారి దగ్గర దాచకు. తెల్లవారుజామున నాలుగింటికి షిఫ్టు, పాతిక కిలోల మైదా బస్తా, చేతుల మీద ఓవెన్ ట్రే మచ్చలు, పండగ రోజు ఇంట్లో లేకపోవడం, ఇవన్నీ ఉంటాయి. ఆడపిల్లలు ఈ పనిలో ఉన్నారు, బాగా చేస్తున్నారు, నా దగ్గర నేర్చుకున్న మంచి విద్యార్థుల్లో సగం మంది వాళ్లే. రాత్రి షిఫ్టుకి రవాణా ఉందా, బస ఎక్కడ అనేది చేరేముందే అడగాలి, మొహమాటపడకూడదు.

మన దేశంలోనే ఒక ఉదాహరణ కావాలంటే పూజా ధింగ్రా గారిని చూడు. స్విట్జర్లాండ్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, పారిస్‌లో లె కోర్డన్ బ్లూలో పేస్ట్రీ నేర్చుకుని, 2010లో ముంబైలో 'లె ఫిఫ్టీన్' మొదలుపెట్టారు. మాకరాన్లు, అంటే బాదం పొడితో చేసి మధ్యలో క్రీమ్ పెట్టే ఫ్రెంచి బిస్కెట్లు, ఆమె ప్రత్యేకత. మాకరాన్ పెంకు ఆరాలంటే గాలి పొడిగా ఉండాలి, ముంబైలో గాలి తడి. ఆ ఊళ్లో మాకరాన్ నిలబెట్టడం ఎంత కష్టమో సముద్రం పక్కన పనిచేసినవాళ్లకు తెలుస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో కొలాబాలోని కేఫ్ మూసేయాల్సి వచ్చింది. అయినా వ్యాపారం నిలబెట్టుకున్నారు. 2023లో మాస్టర్‌షెఫ్ ఇండియా జడ్జి అయ్యారు. ఇక్కడా వరస అదే, ముందు పదమూడేళ్ల షాపు, తర్వాత జడ్జి కుర్చీ.

ఇప్పుడు ఫోన్ ఉంది కదా, ఇన్నేళ్లు ఎందుకని నువ్వు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అమోరీ గిషోన్ అని 1991లో పుట్టిన ఫ్రెంచి షెఫ్, చాక్లెట్‌తో చేసే బొమ్మల వీడియోలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు, 2021లో నెట్‌ఫ్లిక్స్ 'స్కూల్ ఆఫ్ చాక్లెట్'లో గురువుగా వచ్చాడు. చిన్న వయసే. కానీ అతనూ చిన్నప్పుడే ఫ్రాన్స్‌లో ఈ చదువులో చేరినవాడు, 2019లో లాస్ వేగాస్‌లో సొంత స్కూలు పెట్టాడు. వీడియో వల్ల పేరు తొందరగా వచ్చింది, పని మాత్రం తొందరగా రాలేదు. వీడియోలు చెయ్యొద్దని నేను అనను. రోజూ చేసింది తీసి పెట్టుకో, పాడైనవి కూడా. మాట్లాడటం అలవాటవుతుంది. తెలుగులోనే మాట్లాడు. టోరెస్ గారు ఇన్నేళ్ల తర్వాత కూడా ఫ్రెంచి యాసతోనే ఇంగ్లీషు మాట్లాడతారు, ఆ యాస ఆయనకు ఎక్కడా అడ్డు రాలేదు. నీ గోదావరి యాస నీకూ అడ్డు కాదు.

డబ్బు సంగతి కూడా ఒక మాట. ఆయన లె సిర్క్ వదిలి 2000లో బ్రూక్లిన్‌లోని డంబో అనే చోట చాక్లెట్ ఫ్యాక్టరీ పెట్టారు. అప్పుడు అక్కడ గోదాములు తప్ప పెద్దగా ఏమీ లేవు. 'మిస్టర్ చాక్లెట్' అనే పేరు దానితోనే నిలబడింది. టీవీ వల్ల జనానికి మొహం తెలుస్తుంది, తెలిసిన మొహాన్ని చూసి షాపుకి వస్తారు, తిన్నది బాగుంటేనే రెండోసారి వస్తారు. కాబట్టి లెక్కలు రాయడం కూడా ఇప్పుడే నేర్చుకో. ఒక కేక్‌కి మైదా ఎంత, వెన్న ఎంత, కరెంటు ఎంత, నీ శ్రమ ఎంత అని. దీన్ని మేం కాస్టింగ్ అంటాం. ఇంట్లో కేకులు అమ్మే చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

బీటెక్ గురించి మీ ఇంట్లో గొడవ పడొద్దు. నాన్నగారిని ఏడాది గడువు అడగకు, మూడు నెలల గడువు అడుగు. పరీక్షలు అవ్వగానే సెలవుల్లో మీ ఊళ్లోనే మంచి బేకరీలో, జీతం ఇచ్చినా ఇవ్వకపోయినా, పొద్దున షిఫ్టుకి చేరు. మూడు నెలలు తెల్లవారుజామున లేచి, వేడిలో నిలబడి, అదే బన్ను వంద రోజులు చేశాక కూడా ఇష్టం పోకపోతే ఆయనే నిన్ను ఎంట్రన్స్‌కి తీసుకెళ్తారు. ఆడపిల్ల తెల్లవారుజామున వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే, పగటి షిఫ్టులో కేకుల సెక్షన్ అడుగు.

అంతవరకూ ఇంట్లో చెయ్యడానికి ఒక పని చెప్తాను. 2008లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన చాక్లెట్ చిప్ కుకీ రెసిపీ ఒకటి చాలా పేరు పొందింది, అది టోరెస్ గారి రెసిపీ ఆధారంగా రాసినదే. అందులో రెండు రకాల పిండి వాడతారు, కేకుల పిండి, బ్రెడ్డు పిండి. మాంసకృత్తులు ఒకదానిలో తక్కువ, ఇంకోదానిలో ఎక్కువ. నువ్వు మామూలు మైదాతోనే చెయ్. అసలు కిటుకు పిండి కలిపాక 24 నుంచి 36 గంటలు ఫ్రిజ్‌లో పెట్టడం. ఆ సమయంలో మైదా గుడ్డులోని తడిని పీల్చుకుంటుంది, ముద్ద గట్టిపడుతుంది, ఓవెన్‌లో రంగు బాగా వస్తుంది, రుచి చిక్కబడుతుంది.

నువ్వు ఒకేసారి ముద్ద కలిపి మూడు భాగాలు చెయ్. మొదటి భాగం అప్పుడే 180 డిగ్రీల దగ్గర బేక్ చెయ్, పైన రెండు రవ్వలు ఉప్పు చల్లి. రెండోది మర్నాడు అదే వేళకి. మూడోది 36 గంటలకి. మూడు రకాల నుంచీ ఒక్కొక్కటి దాచి, చివరి రోజు పక్కపక్కన పెట్టు. ఎంత పరుచుకున్నాయో స్కేలుతో కొలిచి రాయి. అంచు రంగు రాయి. విరిచి చెవి దగ్గర పెట్టుకుని విను. మీ నాన్నగారికి ఏది ఎప్పటిదో చెప్పకుండా మూడూ తినిపించి, ఏది బాగుందో అడుగు. ఆయన చెప్పింది, నువ్వు రాసింది రెండూ ఇక్కడ పెడితే, ఏది ఎందుకు అలా వచ్చిందో కూర్చుని మాట్లాడుకుందాం.